స్టెప్నీలో గాలి చూడకుండా వాగులోకి దిగుతున్న బండ్లు

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. వానకాలం ముగిసి కృష్ణా వెనుకజలాలు నిండుగా కనిపించే రోజుల్లో మీ ఆదివారం అనుబంధంలోనూ, ఇతర పత్రికల్లోనూ నేరేడుగొమ్ము మండలంలోని వైజాగ్ కాలనీ గురించి, కొల్లాపూర్ దగ్గరి సోమశిల గురించి, అచ్చంపేట దాటిన తరువాత మొదలయ్యే నల్లమల అంచుల గురించి రంగురంగుల ఫొటోలతో వ్యాసాలు వస్తున్నాయి. అవి చూసి శని, ఆదివారాల్లో హైదరాబాద్ నుంచి ఇటు వచ్చే బండ్లు ఏటేటా పెరుగుతున్నాయి. మా వైపు హోటళ్లకు, చేపలు పట్టి అమ్ముకునేవారికి నాలుగు రూపాయలు వస్తున్నందుకు నాకు సంతోషమే తప్ప ఫిర్యాదు ఏమీ లేదు. అయితే ఈ వ్యాసాల్లో ఎలా వెళ్లాలి, ఏం చూడాలి, ఎక్కడ తినాలి అనే వివరాలన్నీ ఉంటాయి గాని, తారురోడ్డు దిగి మట్టిబాట పట్టిన బండి నడుమ ఆగిపోతే ఏం చేయాలో చెప్పే వాక్యం ఒక్కటీ కనిపించదు. ఆ లోటు గురించే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను ఆర్టీసీ గ్యారేజీలో మెకానిక్‌గా పనిచేసి విరమించినవాడిని. ఇప్పుడు దేవరకొండలో మా మేనల్లుడి రిపేరు షెడ్డులో కాలక్షేపం చేస్తుంటాను. ట్రాక్టరు వెనక కట్టుకొని షెడ్డు దాకా వచ్చే జీపులు, కార్లలో ఇంజను పగిలిందనో, గేరుబాక్సు విరిగిందనో వచ్చేవి బహు తక్కువ. గాలి, నీళ్లు, రబ్బరు, వైరు, ఈ నాలుగింటిలో ఏదో ఒకటి చెడి ఆగినవే ఎక్కువ. పదిహేను, ఇరవై లక్షలు పెట్టి కొన్న ఫోర్‌వీల్ డ్రైవ్ బండి పక్కన, ఐదారు వందలకు దొరికే వస్తువు లేక, పిల్లాపాపలతో పూటంతా ఎండలో నిలబడ్డవారిని చూసినప్పుడు బాధ కన్నా విసుగే ఎక్కువ కలుగుతుంది. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందితే నేల మీద పట్టు పెరుగుతుందన్న మాట నిజం. ఆ పట్టును నమ్ముకొనే వీరు మామూలు కారు వెనక్కు మళ్లే చోటును దాటి లోపలికి పోతారు. అక్కడ ఏదైనా చెడితే మెకానిక్‌కూ, ఫోను సిగ్నలుకూ అంతంత దూరమవుతారు. కాబట్టి మామూలు కారువాడి కన్నా ఇటువంటి బండి ఉన్నవాడికే తయారీ ఎక్కువ కావాలి. జరుగుతున్నది మాత్రం దీనికి తలకిందులు.

మా నేలల స్వభావం తెలియనివారి కోసం ముందుగా కొంత చెప్పాలి. దేవరకొండ, నాగర్‌కర్నూల్, మహబూబ్‌నగర్ చుట్టుపక్కల ఎక్కువగా ఉండేది ఎర్ర చెలక. వాన పడినా నీరు తొందరగా ఇంకుతుంది కనుక బండి కొంత జారినా మళ్లీ నిలదొక్కుకుంటుంది. మధ్య మధ్య తగిలే నల్లరేగడి అలా కాదు. ఒక్క మంచి వాన పడితే ఆ మట్టి టైరు గాడుల్లో నిండి, అక్కడే పేరుకొని, ఎంత ఖరీదైన టైరునైనా నున్నటి ముద్దగా మార్చేస్తుంది. ఈ రెంటి కన్నా మోసకారి వెనుకజలాల ఒండ్రు. నాగార్జునసాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు. ఎండాకాలంలో నీళ్లు దిగిపోయినప్పుడు చందంపేట, నేరేడుగొమ్ము వైపు ఒడ్డు వెంట అంతదాకా మునిగి ఉన్న నేల బయటపడుతుంది. పైపొర ఎండి నెర్రెలిచ్చి, పిల్లలు క్రికెట్ ఆడుకోవచ్చునన్నంత గట్టిగా కనిపిస్తుంది. మనిషి నడిస్తే దిగడు. రెండు టన్నుల బండి ఫొటో కోసమని నీటి అంచు దాకా పోతే ఆ పెంకు పగిలి, చక్రాలు అడుసులోకి ఇరుసు దాకా దిగబడతాయి. బయటపడాలన్న ఆత్రంతో యాక్సిలరేటరు తొక్కిన కొద్దీ చక్రం మరింత లోతుకు తవ్వుకుంటూ పోతుంది.

దిగబడిందని తెలియగానే మొదట చేయవలసిన పని కాలు తీసేయడం. తరువాత కిందికి దిగి, చక్రాల ముందూ వెనకా, ఇరుసు కిందా ఉన్న మట్టిని పారతో తీసి, టైర్లలో గాలి తగ్గించి, ఖాళీ గోనె సంచులో, ఎండు కట్టెలో, చదునైన రాళ్లో చక్రం కిందికి నెట్టి, వచ్చిన గాడిలోనే వెనక్కు పోవడానికి ప్రయత్నించాలి. ముందుకు పోదామనే పంతం వద్దు. వెనక ఉన్న నేల మీ బండి బరువును అప్పటికే ఒకసారి మోసింది, ముందున్నది ఎలాంటిదో ఎవరికీ తెలియదు. రోడ్డు మీద 32 పాయింట్లు ఉండే గాలిని 18 దాకా తగ్గిస్తే టైరు నేల మీద పరుచుకొని బరువు ఎక్కువ జాగా మీద పడుతుంది. ఇసుక వాగులోనూ ఇదే ఉపాయం పనిచేస్తుంది. కాని తగ్గించిన గాలితోనే తారురోడ్డెక్కి వేగంగా పోతే టైరు వేడెక్కి పగులుతుంది, మలుపుల్లో రిమ్ము నుంచి ఊడి వచ్చే ప్రమాదమూ ఉంది. కనుక గాలి తీసేవాడి దగ్గర గాలి నింపే సాధనం కూడా ఉండి తీరాలి. బ్యాటరీకి క్లిప్పులతో తగిలించుకొనే చిన్న కంప్రెసర్లు ఇప్పుడు ఎక్కడైనా దొరుకుతున్నాయి. లైటరు సాకెట్టులో గుచ్చే చవక రకం అయితే నాలుగు టైర్లు నింపేలోగా ఫ్యూజు కొట్టేయవచ్చు.

టైర్ల సంగతికి వస్తే, మా చెలకల గట్ల మీద, చెరువు కట్టల వెంట సర్కారు తుమ్మ విపరీతంగా పెరిగింది. రైతులు దాన్ని కొట్టి కంపను బాట పక్కన వేస్తారు. దాని ముల్లు ట్యూబ్‌లెస్ టైరులోకి దిగితే గాలి మెల్లగా పోతుంది గాని, మేకుకు వేసినట్టే దీనికీ పంక్చరు పట్టీ వేసుకొని బయటపడవచ్చు. పలుగురాళ్లతో మాత్రం అలా కుదరదు. గుట్టల కింద బాటల్లో తేలి ఉండే ఈ తెల్లరాళ్ల అంచు కత్తిలా ఉంటుంది. టైరు పక్కగోడను కోస్తే ఏ పట్టీ నిలవదు, స్టెప్నీ వేసుకోవలసిందే. కొత్త బండ్లలో కొన్నింటికి స్టెప్నీయే ఉండదు, ఒక సీసా జిగురూ చిన్న గాలి యంత్రమూ ఇచ్చి ఊరుకుంటున్నారు. నగరంలో అది సరిపోవచ్చు. ఇటు వచ్చేవారు డబ్బు పెట్టి అయినా పూర్తి సైజు స్టెప్నీ కొనుక్కొని రావాలని నా సలహా. ఉన్నవారు కూడా దానిలో గాలి ఉందో లేదో బయలుదేరే ముందు చూసుకోరు. బండి కొన్న నాటి నుంచి కింద వేలాడుతూ, గాలి దిగి, మట్టి కొట్టుకొని ఉన్న స్టెప్నీలు మా షెడ్డులో రోజూ చూస్తుంటాం.

ఇంకొక చిక్కు నట్లది. టైరు షాపుల్లో గాలి గన్నుతో బిగించిన నట్లు, కంపెనీ ఇచ్చిన పొట్టి పానాతో ఎంత బలవంతుడికైనా ఊడిరావు. కొందరు దొంగల భయంతో చక్రానికి ఒక తాళం నట్టు వేయించుకుంటారు, దాని తాళం ఇంట్లో బీరువాలో ఉంటుంది. ఈ రెండూ ఇంటి ముందు ఒక్కసారి స్టెప్నీ మార్చి చూసుకుంటే తెలిసిపోయే సంగతులు. పానాకు తొడగడానికి రెండు మూడు అడుగుల ఇనుప పైపు ముక్క, జాకీ కింద వేయడానికి జానెడు మందం చెక్క ముక్క సీటు వెనక పడేసుకుంటే సగం కష్టం తీరుతుంది. చెక్క లేకుండా మెత్తటి నేలలో జాకీ ఎక్కిస్తే బండి లేవదు, జాకీయే నేలలోకి దిగుతుంది. చక్రం నేల మీద ఉండగానే నట్లను కొంచెం కొంచెం వదులు చేసుకోవాలి, ఎదురు మూల చక్రానికి ముందూ వెనకా రాళ్లు పెట్టాలి, హ్యాండ్ బ్రేకు వేసి గేరులో ఉంచాలి. బండి లేచిన తరువాత స్టెప్నీని పక్కనే చాసీ, అంటే బండి అడుగు చట్రం, కింద పడుకోబెట్టి, చెడిన చక్రం ఊడగానే దాన్ని అక్కడికి నెట్టి, స్టెప్నీని బయటికి తీయాలి. జాకీ జారినా బండి ఆ చక్రం మీద నిలుస్తుంది గాని మనిషి చేతుల మీద పడదు.

బండిని లాగే విషయం మీద కొంచెం ఎక్కువగా రాయక తప్పదు, ఎందుకంటే ఇక్కడ తప్పు జరిగితే పోయేది ప్రాణం. ఈ కాలపు బంపర్లు చాలావరకు ప్లాస్టిక్కువి. వాటికి మోకు కట్టి లాగితే బంపరు ఊడి చేతికి వస్తుంది. కింద కనిపించిన సస్పెన్షను కడ్డీకో, స్టీరింగు రాడ్డుకో కట్టి లాగితే బండి బయటికి వచ్చినా మళ్లీ నడవదు. చాలా కార్లకు కంపెనీవాళ్లు మరతో బిగించే ఒక కొక్కెం ఇస్తారు; అది టూల్ కిట్టులో ఉంటుంది, బంపరు మీద చిన్న మూత తీసి దానిలో బిగించాలి. తమ బండికి అది ఉందని తెలియని యజమానులే ఎక్కువ. ఆ కొక్కెం కూడా చెడిన బండిని చదునైన రోడ్డు మీద మెల్లగా లాగడానికే గాని, అడుసులో ఇరుక్కున్నదాన్ని గుంజడానికి కాదు. గుంజాలంటే చాసీకి గట్టిగా బిగించిన కొక్కేలు కావాలి. వెనక ట్రెయిలరు తగిలించుకొనే గుండ్రటి బాలు ఉన్న బండ్లు కొన్ని వస్తుంటాయి. దానికి మోకు తగిలించి గుంజడం అన్నింటి కన్నా ప్రమాదం. ఆ బాలు తెగిందంటే ఫిరంగి గుండు వలె ఎదుటి బండి అద్దంలో నుంచి లోపలికి దూసుకుపోతుంది. ఇనుప వైరు మోకు, చైను తెగినా అంతే. మోకు నడుమ తడి గోనె సంచో, మందపాటి దుప్పటో వేస్తే తెగినప్పుడు ఎగిరే వేగం కొంత తగ్గుతుంది. చుట్టూ చేరినవారు మోకు పొడవుకు ఒకటిన్నర రెట్లయినా దూరంలో నిలబడాలి. మా ఊళ్లలో బండి దిగబడిందంటే చూడడానికి వచ్చే పిల్లలే పదిమంది ఉంటారు, వారిని ముందుగా పక్కకు పంపించే పెద్దమనిషి ఒకరు ఉండాలి.

ఇటు వచ్చే ప్రతి బండిని చివరికి కాపాడేది ఎవరో ఒక రైతు ట్రాక్టరే. ఆ ట్రాక్టరు డ్రైవరుకు జరిగే ప్రమాదం గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. చైనును ట్రాక్టరు వెనక పై భాగానికి, అంటే టాప్ లింకుకో, సీటు కింద కనిపించిన కొక్కేనికో కట్టి లాగినప్పుడు, వెనక ఉన్న బరువు కదలకపోతే ఇంజను బలం ట్రాక్టరు ముందు చక్రాలను గాలిలోకి లేపుతుంది. డ్రైవరు క్లచ్చు తొక్కాలని అనుకునేలోగానే, ఒక్క సెకనులో, అది వెనక్కు తిరగబడి అతని మీద పడుతుంది. మన దగ్గర తిరిగే ట్రాక్టర్లలో చాలావాటికి మనిషిని కాపాడే ఇనుప చట్రం ఉండదు. చైను ఎప్పుడైనా వెనక ఇరుసు కన్నా కిందుగా ఉండే లాగుడు కడ్డీకే, అంటే డ్రాబారుకే కట్టాలి, మెల్లగా లో గేరులో బిగువు తెచ్చుకొని లాగాలి, ముందు చక్రాలు కొంచెం లేచినట్టు అనిపించినా వెంటనే ఆపాలి. దానికన్నా ముందు, బండి చుట్టూ మట్టి తీసి, చక్రాల ముందు వాలు చేసి పెట్టడం కారువారి పని. ట్రాక్టరు వచ్చింది కదా అని చేతులు కట్టుకొని సెల్ఫీలు తీసుకొనేవారిని చూశాను కనుక ఈ మాట అనవలసి వస్తున్నది.

వాగులు దాటేటప్పుడు జరిగే నష్టం వేరు. పైన ఎక్కడో వాన పడితే ఇక్కడ ఎండ కాస్తుండగానే డిండి వాగులోకి నీళ్లు వస్తాయి. కర్ర పట్టుకొని మనిషి నడిచి చూడని నీళ్లలోకి బండి దింపకూడదు. పారే నీరు మోకాలు దాటితే దాటే ఆలోచన మానుకోవాలి. నీళ్ల నడుమ ఇంజను ఆగిపోతే మళ్లీ సెల్ఫ్ కొట్టకూడదు. గాలి పోయే దారిలో నీళ్లు సిలిండరులోకి వెళ్లి ఉంటే, గాలి వలె నీరు అణగదు కనుక, కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. అలా పాడైన ఇంజనుకు మామూలు బీమా పాలసీలో సాధారణంగా డబ్బు రాదు, ఇంజను రక్షణ కోసం విడిగా ప్రీమియం కట్టి ఉండాలి. బండిని నెట్టి ఒడ్డుకు చేర్చి, ఎయిర్ ఫిల్టరు విప్పి తడిసిందో లేదో చూసుకొని, తడిసి ఉంటే మెకానిక్ వచ్చేదాకా తాళం తిప్పకుండా ఉండడమే మంచిది.

ఎండ గురించి నల్గొండవాడిగా నేను కొత్తగా చెప్పేది లేదు. మే నెలలో ఇసుకలో లో గేరులో గంటసేపు నడిచిన బండి వేడెక్కడంలో వింత లేదు. ఇంజను వేడి చూపే ముల్లు ఎర్రగీత వైపు పోతుంటే ఏసీ ఆపి, హీటరు పూర్తిగా పెట్టి, నీడ చూసి ఆపాలి. రేడియేటరు మూతను వేడి మీద తిప్పితే మరిగే నీళ్లు ముఖం మీదికి చిమ్ముతాయి. అరగంట పైన ఆగి, చేయి పెడితే ఓర్చుకోగలిగినంత చల్లారిన తరువాతే, గుడ్డ అడ్డం పెట్టి తీయాలి. హోసు పైపు పగిలితే ఇన్సులేషన్ టేపు వేడికి నిలవదు, పాత సైకిలు ట్యూబు ముక్క గట్టిగా చుట్టి బైండింగ్ వైరుతో బిగిస్తే ఊరు చేరవచ్చు. ఈ జిల్లా బోరు నీళ్ల సంగతి లోకమంతటికీ తెలుసు. వాటిని రేడియేటరులో పోసుకొని ఊరు చేరడం వరకు పరవాలేదు గాని, చేరిన తరువాత కడిగించి కూలెంటు పోయించకపోతే లోపల సుద్ద కట్టి దారులు మూసుకుపోతాయి. బండి కోసం ఐదు లీటర్ల డబ్బా ఒకటి వేరుగా ఉండాలి. మనుషులకు తలా ఐదు లీటర్ల నీళ్లు విడిగా ఉండాలి, ఆ నీళ్లను బండికి పోయకూడదు.

ఇక అలంకారాల గురించి. ముందు పెద్ద ఇనుప గ్రిల్లు, పైన బారెడు లైటు, పక్కన పొగగొట్టం వంటి గాలి గొట్టం, ఇన్ని హంగులు ఉన్న బండిలో పానా సెట్టు ఉండదు. ఆ ఇనుప బుల్ బార్లు చట్టవిరుద్ధమని 2017 డిసెంబరులోనే కేంద్ర రోడ్డు రవాణా శాఖ రాష్ట్రాలకు రాసింది. అదనపు లైట్లను రిలే లేకుండా, ఫ్యూజు లేకుండా, ఉన్న వైరును బ్లేడుతో కోసి అతికించడం వల్ల గతుకుల్లో ఆ అతుకు ఊడి, చాసీకి తగిలి, పొగలు వచ్చిన బండ్లు మా దగ్గరికి వచ్చాయి. లైట్లు పెట్టించుకున్న డబ్బులో పదో వంతుతో అదనపు ఫ్యూజులు, జంపరు వైర్లు, ఫ్యాన్ బెల్టు కొనవచ్చు. జంపరు వైర్లు పెట్టే వరుస తప్పకూడదు. ముందు చెడిన బ్యాటరీ ప్లస్సుకు, తరువాత మంచి బ్యాటరీ ప్లస్సుకు, ఆ తరువాత మంచి బ్యాటరీ మైనస్సుకు, చివరి కొన చెడిన బండి ఇంజను మీద రంగు లేని ఇనుప భాగానికి పెట్టాలి. ఆటోమేటిక్ గేరు బండిని నెట్టి స్టార్టు చేయలేమన్న సంగతి కూడా చాలామంది యజమానులకు బండి ఆగిన తరువాతే తెలుస్తున్నది. బటన్‌తో స్టార్టయ్యే బండి తాళంలోని బిళ్ల బ్యాటరీ ఐపోతే ఏం చేయాలో బండి పుస్తకంలో రాసి ఉంటుంది. ఆ పుస్తకాన్ని ఇంట్లో దాచుకోవడం దేనికో నాకు అర్థం కాదు. సెన్సార్లు చెడితే మాత్రం మా వంటి పాతకాలపు మెకానిక్కుల వల్ల కాదు, స్కానరు ఉన్న చోటికి తీసుకుపోవలసిందే.

నల్లమల వైపు పోయేవారికి రెండు మాటలు. అమ్రాబాద్ పులుల అభయారణ్యం 2,611 చదరపు కిలోమీటర్లు, నాగర్‌కర్నూల్, నల్గొండ జిల్లాల్లో పరుచుకొని ఉంది. బండి ఎంత తయారుగా ఉన్నా అనుమతి లేకుండా ఆ అడవి బాటల్లోకి దిగడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. నేను చెబుతున్న జాగ్రత్తలను దానికి పరవానాగా తీసుకోవద్దు. శ్రీశైలం రోడ్డు మీద కూడా మన్ననూర్ దగ్గర రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా బండ్లను ఆపుతారు, అందువల్ల ఆ వేళకు లోపల చెడి ఆగిన బండి వెనక సాయం చేయగల మరో బండి రాదు. ఎక్కువ దూరం ఫోను సిగ్నలు ఉండదు. సిగ్నలు దొరికిన చోట 112కు గాని, దెబ్బలు తగిలితే 108కి గాని చేయాలి. ఉపగ్రహ ఫోన్లు తెచ్చుకుందామనుకునేవారు, టెలికం శాఖ అనుమతి లేకుండా వాటిని మన దేశంలో వాడకూడదని తెలుసుకోవాలి. ఖర్చు లేని ఉపాయం ఒకటుంది. ఏ బాటన పోతున్నామో, ఎన్ని గంటలకు తిరిగి వస్తామో, ఆ వేళ దాటితే ఎవరికి ఫోను చేయాలో ఒక కాగితం మీద రాసి ఇంట్లో ఇచ్చి రావాలి. ఒంటరి బండిగా రాకుండా రెండు బండ్లుగా రావాలి, బాట చీలిన ప్రతిచోటా వెనక బండి కనబడేదాకా ముందు బండి ఆగాలి. చీకటి పడితే సాయం కోసం నడిచి పోకూడదు, ఎలుగుబంట్లు తిరిగే చోటు అది. బండిలోనే ఉండాలి.

ఎండాకాలంలో మరొక ముప్పు ఉంది. వేసవికి నల్లమలలోనూ, దేవరకొండ గుట్టల మీదా గడ్డి మోకాలెత్తు ఎండి నిలబడి ఉంటుంది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 డీజిలు బండ్లలో చాలావాటికి సైలెన్సరు దారిలో మసిని కాల్చే ఫిల్టరు ఉంటుంది, అది మసిని కాల్చుకొనేటప్పుడు విపరీతంగా వేడెక్కుతుంది. చెడిన బండినైనా, ఫొటో కోసం ఆపిన బండినైనా గడ్డి మీద నిలిపి ఇంజను నడుస్తూ ఉంచితే అడవికి నిప్పు పెట్టినట్టే. గడ్డి లేని మట్టి మీద ఆపాలి, అగ్నిమాపక సిలిండరు చేతికి అందేచోట ఉండాలి, డిక్కీలో సామాను కింద కాదు.

బండి ఆగినప్పుడు మొదట వచ్చేది తండావారు, పెంటలనే అడవి గూడేల్లోని చెంచులు, పొలం కాపలా ఉన్న ముసలివారు. నీళ్లిస్తారు, నీడ చూపిస్తారు, ట్రాక్టరు ఉన్నవాడిని పిలుచుకొస్తారు. జూన్, జూలైలో దుక్కి ఆపి ట్రాక్టరు తెచ్చిన రైతుకు ఆ పూట పదును పోతే మళ్లీ వాన పడేదాకా రాదు. అయినా చాలామంది డబ్బు అడగడానికి మొహమాటపడతారు. అడగలేదు కదా అని దండం పెట్టి వెళ్లిపోవడం పద్ధతి కాదు. గంటకు దుక్కి కిరాయి ఎంతో కనుక్కొని, డీజిలుతో సహా ఇవ్వాలి. పొలం గట్టు తెగినా, డ్రిప్పు పైపు నలిగినా అక్కడే ఒప్పుకొని డబ్బు కట్టాలి.

ఈ విషయంలో నేను కోరేవి పెద్దవి కావు. ఇటువంటి బండ్లను అమ్మే షోరూములవారు తాళాలు చేతికిచ్చే రోజున పూలదండ వేసి ఫొటో తీయడానికి పెట్టే సమయంలో కొంత, కొన్నవారి చేతనే ఒక చక్రం విప్పించి, బిగించి చూపించడానికి పెట్టాలి. మన్ననూర్ చెక్‌పోస్టు దగ్గరా, దేవరకొండ నుంచి నేరేడుగొమ్ము వైపు రోడ్డు మళ్లే చోటా, సోమశిల దారిలోనూ, ముందున్న దారిలో పెట్రోలు బంకు, పంక్చరు షాపు, ఆసుపత్రి ఎంత దూరంలో ఉన్నాయో, సిగ్నలు ఎక్కడితో ఆగిపోతుందో తెలిపే బోర్డు ఒకటి జిల్లా అధికారులు పెట్టించాలి. మీ పత్రిక వరకు, పర్యాటక వ్యాసం వేసిన ప్రతిసారీ ఆ దారిలో చివరి మెకానిక్ ఏ ఊళ్లో ఉన్నాడో, ఆ రోజుల్లో రిజర్వాయరు నీటిమట్టం ఎంత ఉందో, నీటి అంచు దాకా బండి పోవచ్చునో లేదో రెండు మూడు వాక్యాల్లో ఫొటో కిందనే వేయాలని కోరుతున్నాను. దేవరకొండ, అచ్చంపేట, కొల్లాపూర్ దారుల వివరాలు మీ విలేకరులు ఇక్కడి షెడ్లలో ఎవరిని అడిగినా చెబుతారు.

ఇట్లు,
విశ్రాంత ఆర్టీసీ మెకానిక్,
దేవరకొండ, నల్గొండ జిల్లా.